బొంగు చికెన్ కోసం మా ఊరి పక్కకే టూర్ వెళ్లాను

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది డుంబ్రిగుడ మండలం. వైజాగ్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. పోయిన డిసెంబర్‌లో క్లాస్‌మేట్స్ నలుగురు, "అరకు పోయి బొంగు చికెన్ తిని రాత్రికి వచ్చేద్దాం, నువ్వుంటే గైడ్ కూడా అక్కర్లేదు" అన్నారు. సరే అన్నాను.

పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కాం. సొరంగాలన్నీ లెక్కపెడతామని మొదలుపెట్టి, బొర్రా రాకముందే లెక్క తప్పారు. అరకులో దిగి ఆటోలో చాపరాయి వెళ్లాం.

అక్కడ ఒకమ్మ కూతురితో కలిసి బొంగులు కాలుస్తోంది. రేటు చెప్పగానే మావాళ్లు, "నువ్వు లోకల్ కదరా, తగ్గించు" అని నన్ను ముందుకి తోశారు. బేరం ఆడాను. ఆమె నా మొహం చూసి, మన ఆదివాసీ ఒడియాలో, ఏ ఊరు బాబూ అని అడిగింది. అర్థమైంది. కానీ పక్కన ఫ్రెండ్స్ ఉన్నారు. "మాది వైజాగ్ అమ్మా" అని తెలుగులో అనేశాను. ఆమె ఇంకేమీ అనలేదు. రేటు తగ్గించింది.

ఆ పని నాకు తెలీనిది కాదు. పచ్చి బొంగే కావాలి, ఎండుదైతే కాలిపోతుంది. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కలు లోపల కూరి, మూతికి ఆకులు దోపి, నిప్పుల మీద తిప్పుతూ ఉండాలి. నూనె చుక్క ఉండదు, బొంగులో తడికే ఉడుకుతుంది. ఒక బొంగు ఒక్కసారికే పనికొస్తుంది. మళ్లీ వండాలంటే మళ్లీ వెదురు కొట్టి మోసుకురావాలి. ఇదంతా తెలిసే నేను బేరం ఆడాను.

మావాళ్లు లొట్టలేసుకుని తిన్నారు. నాకు ముద్ద దిగలేదు. అంతలో ఆ పాప తపేలా తీసి అంబలి తాగుతోంది. ఒకడు "అదేంట్రా?" అన్నాడు.

"చోడి అంబలి. మా ఇంట్లో రోజూ ఇదే" అని నోట్లోంచి వచ్చేసింది.

ఇంక దాచలేకపోయాను. ఆమె దగ్గరికెళ్లి మన భాషలోనే మా ఊరి పేరు చెప్పాను. నవ్వింది. ముందే తెలుసంట, మాటలోనే పట్టేసిందంట. తగ్గించిన డబ్బులు ఇస్తే ముందు వద్దంది, తర్వాత తీసుకుంది. మా అందరికీ తలో గ్లాసు అంబలి పోసింది. ఇద్దరు తాగారు, ఇద్దరు మొహం చిట్లించారు. పర్లేదు.

మీ ఫ్రెండ్స్ కూడా అరకు అంటారు. తీసుకెళ్లండి. మనోళ్ల దగ్గరే తినిపించండి, బొంగు వెనకున్న కష్టం చెప్పండి, బేరం మాత్రం ఆడకండి. ఎవరైనా మన భాషలో పలకరిస్తే నాలా చేయకండి, మన భాషలోనే జవాబివ్వండి.