పాలకొల్లునుండి కేదారమునకు: మేని నంటు వస్త్రము

మా పాలకొల్లు చలి యెఱుఁగని యూరు. పుష్యమాసమునందు సైతము ఒక నూలుదుప్పటి కప్పుకొన్నచో రాత్రి సుఖముగా గడచిపోవును. తెల్లవాఱుజామున కాలువగట్టుమీఁద మంచు పొగవలె నిలిచి, క్షీరారామస్వామివారి తొమ్మిదంతస్తుల గోపురమున పైభాగమును మాత్రమే చూపును. ప్రొద్దెక్కఁగానే యా మంచు విచ్చిపోయి, వరిచేలును కొబ్బరితోఁటలును యథాప్రకారము పచ్చగా కన్పించును. ఇట్టి యూరిలో పుట్టి పెరిగినవారు చలి యననేమో పుస్తకములలో చదివి తెలిసికొనవలసినదే.

నేనును అట్లే తెలిసికొంటిని. మా తండ్రిగారు నాకు బాల్యమున మనుచరిత్రము చెప్పిరి. అందు ప్రవరుఁడు కాళ్లకు పసరు పూసికొని హిమాలయమునకు పోయెను. మంచునీట ఆ పసరు కరఁగిపోఁగా మరల నిల్లు చేరలేక చిక్కువడెను. అంతటి పండితునికి, మంచులో నడచినచో పాదముల పూత నిలువదన్న యూహ యేల పుట్టలేదని నేను నవ్వితిని. ఆ నవ్వునకు బదులు నాలుగేండ్ల క్రిందట నాకు దొరకినది.

మా సీమకు వస్త్రము క్రొత్త గాదు. 17వ శతాబ్దమున డచ్చివారు పాలకొల్లులో వర్తకస్థానము నిలిపి బట్టల వ్యాపారము చేసిరి. వారి సమాధులు మా యూర నేఁటికిని కలవు. మాకు సమీపమున, నరసాపురము చేరువ, మాధవాయపాలెమున ఇంగ్లీషువారి వర్తకశాల యుండెడిది. అచ్చటినుండి యోడలకెక్కిన తెల్లని మెత్తని నూలుగుడ్డకు ఆ గ్రామనామమే స్థిరపడి, 'మాదపోలము' అను పేర దేశదేశములను తిరిగినది. గ్రామమున చాల భాగమును గోదావరి కోసికొనిపోయినది. గుడ్డ పేరు మాత్రము నిలిచినది. ఇట్టిచోట పుట్టిన నేను, నూలును మించిన వస్త్రము లోకమున లేదని నమ్మియుంటిని. మా యెండలకు అది సత్యమే. నూలు చెమటను త్రాగును, తడియును, ఆఱుచు దేహమును చల్లఁబఱచును. ఎండలో నుపకారమైన యా గుణమే చలిలో నపకారమగునని నేనెన్నఁడు నెఱుఁగను.

దసరా సెలవులలో మావారును, అత్తగారును, నేనును కేదారయాత్రకు సిద్ధమైతిమి. పంచారామములలో నొకటైన క్షీరారామమును దినమును సేవించు మా అత్తగారికి, కేదారనాథుని చూడవలెనని చిరకాలపు కోరిక. మూటలు నేను కట్టితిని. అందఱికిని నూలు బనియనులు, నూలు లోపావడలు, నూలు రవికలు. వానిపై తొడుగుటకు దళసరి స్వెట్టరులు. పైబట్ట వెచ్చనిదైన చాలునని నా తలంపు.

అత్తగారు తమ ధావళిని తెచ్చి మూటపై నుంచిరి. నేఁటి పిల్లలలో కొందఱు దానిని చూచియుండరు. ధావళి యనఁగా ఉన్నిబట్ట. ఉదయమున తడిపి యారవేసిన నూలుబట్ట లేనప్పుడు మడికి పెద్దలు దీనిని కట్టుకొందురు. పట్టునకును ఉన్నికిని నూలునకువలె మైల యంటదని, ప్రతిదినము తడుపనక్కఱ లేదని వారి యాచారము. మడిధావళి నితరులు తాఁకరాదు. కాపురమునకు వచ్చిన పదునాలుగేండ్లలో నేను దాని కొంగైన తాఁకి యెఱుఁగను.

"అత్తయ్యగారూ, ఇంత బరువు ఎందుకండీ? అక్కడ మడి ఎవరు చూస్తారు?" అంటిని. ఆమె బదులు చెప్పలేదు. మూటను మాత్రము విప్పనీయలేదు.

భీమవరము మీఁదుగా విజయవాడకును, అటనుండి ఢిల్లీకిని, హరిద్వారమునకును రైలుప్రయాణము. పిమ్మట కొండదారిని మోటారుబండి. గౌరీకుండముకడ బండిదారి ముగియును. అది సముద్రమట్టమునకు దాదాపు 6,500 అడుగుల యెత్తు. కేదారము 11,700 అడుగులు. నడుమ 16 కిలోమీటర్ల కాలిబాట. 2013వ సంవత్సరపు వఱదలలో రామ్‌బాడా మజిలీయు పాతబాటలో కొంతయు కొట్టుకొనిపోఁగా, అచ్చటినుండి మందాకిని కావలిగట్టున క్రొత్తదారి తీసిరి. అత్తగారిని గుఱ్ఱముపై నెక్కించి మే మిరువురమును నడచితిమి.

ఎక్కుచున్నంతసేపు చలి యే లేదు. వీఁపున చెమట కాలువలు కట్టినది. స్వెట్టరు విప్పి చేతఁబట్టుకొని, "ఇదేనా హిమాలయపు చలి!" యని మావారితో పరిహాస మాడితిని. నాలుగుగంటల వేళకు సూర్యుఁడు కొండచాటునకు పోయెను. మేము గుడి చేరి వరుసలో నిలిచితిమి. నిలిచిన కొలఁది నిముసములకే వీఁపుమీఁద మంచుపలక యంటించినట్లయ్యెను. స్వెట్టరు తొడిగికొంటిని, మావారు తమ స్వెట్టరును గూడ నాపై కప్పిరి. దేహము వణఁకుట మానలేదు. వ్రేళ్లు స్వాధీనములో లేక బొత్తాము పెట్టుకొనలేకపోయితిని, మాట తడఁబడఁజొచ్చెను.

అత్తగారు నన్ను బసలోనికి నడిపించుకొనిపోయి, స్వెట్టరులోనికి చేయి పోనిచ్చి వీఁపు తడిమి చూచిరి.

"పైన ఎన్ని కప్పితే ఏం లాభమే, లోపల తడిబట్ట పెట్టుకుని! విప్పెయ్యి ముందు" అనిరి.

తడిసిన బనియనును రవికను విప్పించి, మూటలోనుండి ధావళిని తీసి నా యొంటికి చుట్టిరి. దానిపై స్వెట్టరు, దానిపై కంబళి. వేఁడి తేనీరు త్రాగించిరి. ఉన్ని గఱకుగానే యుండెను. కాని యరగంటలో వణఁకు తగ్గెను. మఱునాఁటి దర్శనమునకు కట్టుకొనుటకై ఆమె యంతదూరము మోయించి తెచ్చుకొన్న మడిబట్ట యది. నాకు కన్నీరు వచ్చెను.

"మీ మడి పోయింది కదండీ" అంటిని.

"ఒంట్లో ప్రాణం ఉంటే మడి మళ్ళీ కట్టుకోవచ్చులే" అని నా పాదములు రాచిరి.

ఇంటికి వచ్చిన పిదప ఈ సంగతిని అమెరికాలో మినెసోటా రాష్ట్రమున నున్న నా తమ్మునికి తెలిపితిని. అచ్చట నవంబరు మాసమున జింకలవేఁట కనుమతి గలదు. వాఁడు స్నేహితులతో చూడఁబోయినాఁడఁట. వేఁటకాఁడు చీఁకటితోనే మంచులో నడచి పోయి, పిమ్మట గంటలకొలఁది కదలక పొంచి కూర్చుండును. నడకలో చెమట; కూర్చున్నపుడు చలి. "అక్కా, నీకు కేదారంలో జరిగింది ఇక్కడ ప్రతి వేటగాడికీ తెలిసిన పాఠమే. ఒంటికి తగిలే బట్ట నూలు కాకూడదు అన్నదే వీళ్ళ మొదటి నియమం" అని వ్రాసినాఁడు. మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వేఁటను నిషేధించినది. నాకును అది సమ్మతము గాదు. అయినను కౌశికుఁడు ధర్మవ్యాధుని యింటికి పోయి ధర్మము నేర్చికొన్నట్లు, వేఁటకానినుండి యీ విద్యను గ్రహించుటలో దోషము లేదు.

ఇందలి కారణము సులభము. బట్ట మనకు వేఁడి నీయదు. దానిలో నిలిచిన గాలి మన దేహపు వేఁడిని పోనీక కాపాడును. నూలు తడియఁగానే దాని పోగులు చతికిలఁబడి, గాలి యుండవలసిన చోట నీరు నిలుచును. నీరు గాలికంటె ఇరువదియైదు రెట్లు వేగముగా వేఁడిని లాగివేయును. పైఁగా ఆ తడి యాఱుటకు కావలసిన వేఁడియు మన దేహమునుండియే పోవును. లోపల తడి యుండఁగా పైన నెన్ని కప్పినను ప్రయోజనము లేదన్న అత్తగారి మాట అక్షరాల శాస్త్రసమ్మతము.

ఉన్ని యట్లు గాదు. తన బరువులో మూఁడవవంతు తేమను పోగులోనికి పీల్చుకొనియు తడిసినట్లు తోఁపదు. పీల్చుకొనునపుడు కొంచెము వేఁడిని పుట్టించును. తడిసినను పోగుల వంకరలు నిలిచి గాలిని పట్టియుంచును. కంబళి గుచ్చుకొనుటకు దాని పోగు లావగుటయే కారణము. మెరినో యను జాతిగొఱ్ఱెల యున్నిపోగు మన తలవెండ్రుకలో మూఁడవవంతు సన్నము. పసిపిల్లల మేనికిని గుచ్చుకొనదు. వెల యెక్కువ, కాని నాలుగుదినములు తొడిగినను దుర్వాసన రాదు గనుక ఒక జత యాత్రకు చాలును. పట్టు తేలికయు మెత్తనయు. చలి కొలఁదిగా నున్నచోట మంచిది, గట్టిగా రుద్ది యుతుకరాదు. పాలియెస్టరు నీటిని దాదాపుగా త్రాగదు; చెమటను పైకి పంపి వేగముగా నాఱును, వెలయు తక్కువ. కాని ఒకనాఁటికే వాసనవేయును. నిప్పు తగిలినచో కరఁగి చర్మమున కంటుకొనును గనుక పొయ్యియొద్ద తగదు.

ఇంకొక వింత. 1933లో నార్వే దేశపు సైనికోద్యోగి యొకఁడు చేఁపలవలలతో లోచొక్కా కుట్టించెను. వలకన్నులలో గాలి నిలిచి వెచ్చఁదనమును కాపాడెను. చెమట సులభముగా పైకి పోయెను. 1953లో ఎవరెస్టు నెక్కిన దండువారును అట్టి వలచొక్కాలను ధరించిరి. వలలును లేసును అల్లు మా నరసాపురపు సోదరీమణులకు ఈ మాట వినుటకు ముచ్చటగా నుండును.

చలిప్రదేశములకు పోవు సోదరీమణులు ఈ కొన్నిటిని గుర్తుంచుకొనవలెను. అంగళ్లలో 'థర్మలు' అని యమ్ము లోదుస్తులలో పెక్కు నూలు కలిసినవి. చీటీ చదివి కొనుఁడు. బట్ట సన్నముగా, మేనికి హత్తుకొనునట్లుండవలెను; వదులైనచో చెమటను పీల్చదు. రవికయు లోపావడయు కూడ మేని నంటునవే యని మఱవకుఁడు. ఎక్కునపుడు చెమట పట్టకముందే పైబట్ట నొకటి విప్పుఁడు; ఆగిన వెంటనే తొడుగుఁడు. పొడి లోబట్ట జత నొకదానిని నీరు చొరని సంచిలో వేఱుగా నుంచుఁడు. వణఁకుచున్నవారు వణఁకుట మాని మగతలోనికి పోయినచో తగ్గినదని సంతోషింపరాదు. అది యపాయ సూచన, వెంటనే వైద్యుని చూపవలెను.

మా అత్తగారు క్రిందటి యేఁడు శివసాయుజ్యము నొందిరి. ధావళిని నా చేతికిచ్చి, "ఇది నీకు అచ్చొచ్చింది, నువ్వే ఉంచుకో" అనిరి. వేపాకు వేసి పెట్టెలో దాఁచియుంచితిని. మొన్న మా పొరుగింటి కోడలు కేదారమునకు పోవుచు, ఏమి తీసికొనిపోవలెనని యడుగవచ్చినది. పైన వ్రాసినవన్నియు చెప్పితిని. పిమ్మట, "మీ అత్తగారు మూటలో ఏది పెట్టినా, బరువని తీసెయ్యకమ్మా" అని గూడ చెప్పి పంపితిని.