వార్డెన్ గారిని కలిశారా?

షువైఖ్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి ఓడరేవు, కార్ల గ్యారేజీలు, స్పేర్ పార్టుల కొట్లు. నా ఉద్యోగమూ ఆ కొట్ల మధ్యనే. కానీ షువైఖ్‌కి చదువుల చరిత్ర కూడా ఉంది. 1953లో ఇక్కడ తెరిచిన షువైఖ్ సెకండరీ స్కూల్‌ని విద్యార్థుల వసతి గృహాలతో సహా కట్టారు. తర్వాత ఆ ఆవరణే కువైట్ యూనివర్సిటీకి క్యాంపస్ అయింది. 2019 నుంచి కాలేజీలు కొత్త యూనివర్సిటీ సిటీకి తరలడం మొదలైంది.

ఇక్కడ చదివే స్థానిక విద్యార్థులు క్లాసులవగానే ఇంటికెళ్ళి అమ్మ చేతి అన్నం తింటారు. మన పిల్లల్లో చాలామంది మాత్రం పన్నెండో తరగతి అవగానే సముద్రం దాటి హాస్టల్‌కి వెళ్తారు. మా అమ్మాయీ అలాగే ఆంధ్రాలో ఇంజనీరింగ్‌లో చేరింది.

కాలేజీ చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆఫీసువారు ర్యాంకుల ఫ్లెక్సీలు, ప్లేస్‌మెంట్ల లెక్కలు, ఏసీ గదులు చూపించారు. నా శ్రీమతి మాత్రం, “అర్ధరాత్రి పిల్లకి జ్వరమొస్తే ఎవరు చూస్తారండీ?” అని అడిగింది. అప్పుడు వార్డెన్ గారిని పిలిపించారు. యాభై దాటిన ఆవిడ. “పాప ఏం ఇష్టంగా తింటుందమ్మా? బాధేస్తే పైకి చెబుతుందా, లోపలే దాచుకుంటుందా?” అని అడిగారు. మార్కులు కాకుండా మా అమ్మాయి గురించి అడిగింది ఆ కాలేజీలో ఆవిడొక్కరే.

ఆ నవంబరులో ఒక రాత్రి ఆవిడ ఫోన్ చేశారు. ఇక్కడ ఏడున్నర, అక్కడ పది. “కంగారు పడకండి సార్. పాప మూడు రోజులుగా మెస్‌కి సరిగా రావట్లేదు. మీకు చెప్పి ఉండదని చేశాను” అన్నారు. నిజమే, మాతో రోజూ నవ్వుతూనే మాట్లాడింది. వీడియో కాల్‌లో ముఖం కనిపిస్తుంది గానీ కంచం కనిపించదు కదా!

మర్నాడు ఆవిడే అమ్మాయిని కాలేజీ కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఇంటర్నల్స్‌లో లెక్కలు తప్పింది. తన తెలుగు విని తోటివాళ్ళు “కువైట్ పిల్ల” అని నవ్వారు. ఈ రెండూ మనసులో పెట్టుకుని కుమిలిపోయింది. కౌన్సెలర్ గారు వారం వారం కూర్చోబెట్టి విన్నారు. లెక్కల మాస్టారితో మాట్లాడి, ఒక సీనియర్ అమ్మాయిని సాయం పెట్టించారు. సంక్రాంతి నాటికి పిల్ల మామూలు మనిషైంది. మేము ఖర్జూరాల డబ్బా ఇవ్వబోతే, “ఇది నా డ్యూటీయేనండీ” అన్నారు వార్డెన్ గారు.

ఆ డ్యూటీ చేసే మనుషులు ప్రతిచోటా ఉండాలి. 2023లో విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుతున్న పదిహేడేళ్ళ విద్యార్థిని మరణం కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలో అందరికీ కనిపించాలి. ఇండియాలో 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

కాబట్టి తల్లిదండ్రులారా, ఫీజు కట్టేముందు కౌన్సెలర్ ఎవరో, నర్సు ఏ వేళల్లో ఉంటారో, ఒక్కో వార్డెన్‌కి ఎంతమంది పిల్లలో అడగండి. వాళ్ళకి సెలవైన ఆదివారం మనకి డ్యూటీ రోజు. మనం ఫోన్ ఎత్తలేని వేళ పిల్లలకి దిక్కు వాళ్ళే.

పిల్లలూ, మీకూ ఒక మాట. అమ్మానాన్నలు దూరంలో ఉన్నారు, బాధపడతారని దాచకండి. పక్క గదిలో ఉన్న వార్డెన్ ఆంటీకైనా చెప్పండి.