బిడ్డ నోరు విప్పిన మరుసటి రోజు

గుంతకల్లు అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేది రైల్వే జంక్షను. ఆ చుట్టుపక్కల పల్లెల బతుకును నడిపేది మాత్రం రాని వాన. వేరుశనగ ఎండిన ఏడాది పెద్దవాళ్లు సుగ్గి వలసకో, బెంగళూరు కూలికో పోతారు. పిల్లలు జేజి దగ్గర ఉండిపోతారు. లైంగిక హింసకు గురైన బిడ్డ అలాంటి ఇంట్లో నోరు విప్పితే ఆ మాట ముందు పడేది జేజి చెవినే, లేదంటే ఫోనులో అవతలున్న తల్లి చెవిన. మన కోపమంతా నేరస్థుడి చుట్టూ తిరుగుతుంది, జాలి బిడ్డ చుట్టూ. ఆ మాట విన్న మనిషిని సాక్షిగా తప్ప ఎవరూ చూడరు. ఆమెకు అండగా నిలవడం బిడ్డ చికిత్సలో భాగమే తప్ప, మిగిలిన డబ్బుతో చేసే దయ కాదని అమెరికాలో ఉండి ఈ విషయం చదివే కొద్దీ నాకు గట్టిగా అనిపిస్తోంది.

1996లో ఇక్కడ ఎస్తర్ డెబ్లింజర్ బృందం నూరుమంది పిల్లలతో ఒక అధ్యయనం ప్రచురించింది. కొన్ని ఇళ్లలో బిడ్డకే చికిత్స, కొన్నిటిలో తల్లికే, కొన్నిటిలో ఇద్దరికీ. జరిగినదాని భయం తగ్గడానికి బిడ్డతో నేరుగా పనిచేయాల్సి వచ్చింది. బిడ్డలోని దిగులు, మొండితనం ఎక్కువగా తగ్గింది మాత్రం తల్లులకు శిక్షణ ఇచ్చిన చోట. దీనికి ఎదురు సాక్ష్యమూ ఉంది. 2015లో బోలెన్, గెర్గెలీ అనే పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, పెద్దవాళ్ల ఆదరణకూ బిడ్డ కోలుకోవడానికీ మధ్య సంబంధం అందరూ నమ్మినంత బలంగా కనబడలేదు. నా వాదన దీంతో వీగిపోదు. వీగిపోయేది ‘తల్లి నమ్మితే చాలు, అన్నీ సర్దుకుంటాయి’ అనే మాట. అది పోవడమే మేలు, బరువంతా ఆమె నెత్తిన పెట్టి తప్పుకునే మాట అది. బిడ్డను నమ్మిన తల్లికి కూడా ఏం అడగాలో, ఏం అడగకూడదో చెప్పేవాళ్లు కావాలి. కంటినిండా నిద్ర కావాలి, చేతిలో బస్సు చార్జీ ఉండాలి.

అసలు దాచిపెట్టేదే, రాజీ పడేదే ఇంటివాళ్లు కదా, వాళ్లకు సాయమేమిటని అడిగేవాళ్లున్నారు. ఈ ప్రశ్నను తోసేయలేం. కేంద్ర ప్రభుత్వం 2007లో వెలువరించిన అధ్యయనంలో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగితే సగానికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నారు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ పని చేసినవాళ్లలో సుమారు సగం మంది పిల్లలు ఎరిగినవాళ్లే. ఇంటి అద్దె కట్టే చిన్నాన్న మీద కేసు పెడితే రేపు ఎక్కడ పడుకోవాలన్నది తల్లికి నిజమైన ప్రశ్న. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షను తెలిసిన నేరాన్ని చెప్పి తీరాలంటుంది. చెప్పకపోతే 21వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు. ఆ నిర్బంధం ఉండాల్సిందే. కానీ చెప్పిన మరుసటి రోజు ఏమవుతుందో చెప్పకుండా బెదిరింపు ఒక్కటే వినిపిస్తే మనిషి నోరు మూసుకుంటుంది. ఇంట్లో నేరానికి తోడ్పడినవాళ్లను ముందే వేరు చేయాలి, అది పోలీసుల పని. మిగతావాళ్లను కూడా దొంగల్లా చూస్తే మళ్లీ ఆ గడప తొక్కరు.

బంధుబలగం ఉన్న మనకు ఇవన్నీ ఎందుకు, ఇది అమెరికా మోజు అని ఇంకో ఆక్షేపణ. చేసినవాడు బంధువైతే ఆ బలగం ఏ పక్కన కూర్చుంటుందో పంచాయితీలు చూసినవాళ్లకు తెలుసు. 1985లో అలబామాలోని హంట్స్‌విల్లో మొదలైన బాలల కేంద్రాల పద్ధతిలో, బిడ్డతో ఒకరు మాట్లాడుతుంటే కుటుంబం కోసం ఇంకో మనిషి విడిగా ఉంటారు. అలాగని ఇక్కడంతా స్వర్గమేమీ కాదు. భర్త వీసా మీద ఆధారపడిన తెలుగు ఇల్లాలికి, భర్తే నిందితుడైతే, ఫిర్యాదు చేయడమంటే దేశం వదలాల్సి వస్తుందన్న భయం. నేర బాధితులకు యూ వీసా ఉంది, కానీ ఏడాదికి పదివేలే, ఏళ్ల తరబడి నిరీక్షణ.

మన దగ్గర కొత్త చట్టమేమీ అక్కర్లేదు. 2020 పోక్సో నిబంధనల్లో కేసు పొడుగునా బిడ్డకు తోడుండే సహాయక వ్యక్తి ఉన్నారు. వారి నియామకాన్ని ఐచ్ఛికంగా చూడొద్దని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మనిషికి కనీసం నైపుణ్యమున్న కార్మికుడితో సమానమైన వేతనం కూడా నిబంధనల్లోనే ఉంది. కేసు కోసం గుంతకల్లు నుంచి అనంతపురం పోయి వచ్చిన రోజు తల్లి పోగొట్టుకునే కూలి సంగతి మాత్రం విడిగా లేదు. అయితే ఎనిమిదో నిబంధన కింద తిండి, బట్టలు, ప్రయాణం, ఇతర అత్యవసరాల కోసం బాలల సంక్షేమ సమితి సిఫారసు చేస్తే, అది అందిన వారంలోపు డబ్బు ఇవ్వాలి. ఆ ‘ఇతర అత్యవసరాల’లో జేజి కూలినీ, బెంగళూరు నుంచి తల్లి తిరిగొచ్చే టికెట్టునూ కలిపి రాయడానికి సమితికి అడ్డేముందో నాకు అర్థం కాదు.