కోళ్ళ తెగులుకు పేరిచ్చిన ఊరు

కాఠ్‌గోదాంలో రైలు దిగి, భవాలీ మీదుగా కొండల నడుము చుట్టుకుంటూ పోయే బస్సెక్కితే, కడుపులో తిప్పడం సర్దుకునేసరికి రాణీఖేత్ వచ్చేస్తుంది. ఆరువేల అడుగుల ఎత్తు. ఎటు చూచినా సరళ వృక్షాలు, దేవదారులు. ఖేత్ అంటే చేను. పూర్వం పద్మినీదేవి అనే రాణి ఈ చోటు చూచి ముచ్చటపడితే, రాజా సుధర్‌దేవ్ ఆమె కోసం ఇక్కడే నివాసం ఏర్పరచాడని స్థలపురాణం. 1869లో ఇంగ్లీషువారు ఇక్కడ దండు పెట్టారు. నేడు కుమావూ రెజిమెంటు కేంద్రం ఉన్నది ఇక్కడే. తెల్లవారుజామున మబ్బు లేకపోతే నందాదేవి, త్రిశూల శిఖరాలు చేయి చాస్తే అందుతాయా అన్నట్లుంటాయి.

ఇంత చక్కని పేరు మా అత్తగారి నోట మాత్రం తిట్టుగానే వస్తుంది.

వారిది తెనాలి దగ్గర పల్లెటూరు. దొడ్లో ఇరవై రెండు నాటుకోళ్ళుండేవి. గుడ్ల మీద, పుంజుల మీద వచ్చే డబ్బు ఆవిడ సొంతం. దాని లెక్క కొడుకులు కూడా అడగరు. మనవరాలి పుస్తకాలూ, పండక్కి కూతుళ్ళకు పెట్టే జాకెట్టు గుడ్డలూ అందులోంచే. మాఘమాసంలో ఒకనాడు గంప ఎత్తేసరికి రెండు పెట్టలు చచ్చి ఉన్నాయి. మిగిలినవి మేత మానాయి. రెక్కలు వాల్చి, నోరు తెరచి ఎగశ్వాస పీల్చాయి. ఆకుపచ్చగా పారుకున్నాయి. ఒక పుంజు మెడ వెనక్కి మెలితిరిగి, ఆకాశంలోకి చూస్తూ గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయిందట. పది రోజుల్లో మిగిలినవి మూడు.

కిందటి నెలలోనే ఆ కోళ్ళు పక్కింటివారి తోటకూర మడి కెలికాయి. దాని మీద రెండు మాటలు కూడా అనుకున్నారు. ఇక అనుమానానికి వేరే కారణం కావాలా? బియ్యంలో మందు కలిపి చల్లారన్నది అత్తగారి తీర్మానం. ముప్ఫై ఏళ్ళుగా గోడ మీదుగా అటూ ఇటూ నడిచిన కూర గిన్నెలు ఆనాటితో ఆగిపోయాయి.

పశువుల ఆసుపత్రి నుంచి వచ్చిన కుర్రవాడు చచ్చిన పెట్టను కోసి చూపించాడు. కందనకాయకు పైన చిన్న పొట్ట ఒకటి ఉంటుంది. దాని లోపలి పొర మీద సూదితో పొడిచినట్లు ఎర్రని రక్తపు చుక్కలు. “విషం కాదమ్మా, రాణీఖేత్. మన పెద్దవాళ్ళు కొక్కెర తెగులనేది దీన్నే” అన్నాడు. అత్తగారు నమ్మలేదు. “హిమాలయాల్లో ఊరి జబ్బు నా దొడ్లోకి ఎట్లా వస్తుంది బాబూ?” అని నన్నడిగారు. ప్రశ్న సబబైనదే.

అందుకే వేసవిలో నైనితాల్ దాకా వెళ్ళినప్పుడు మా ఆవిడ పట్టుపట్టింది. “ఏమండీ, అమ్మను ముంచిన ఆ ఊరేదో చూచే పోదామండీ.”

రాణీఖేత్ బజారులో మేము టీ తాగిన దుకాణం వెనుక నాలుగు కోళ్ళు నిక్షేపంగా కెలుక్కుంటున్నాయి. మీ ఊరి పేరుతో ఒక జబ్బుందని మా దేశమంతా చెప్పుకుంటారయ్యా అని నాకు వచ్చిన హిందీలో అన్నాను. దుకాణదారు నవ్వి, “మా కోళ్ళకు పట్టే జబ్బు చిరుతపులి, సాబ్” అన్నాడు. చౌబటియా ఆపిల్ తోటలకు పోయే దారిలో ఝూలాదేవి గుడి ఉంది. అమ్మవారు ఉయ్యాలలో ఉంటుంది. క్రూరమృగాల బాధ పడలేక ఈ కొండజనం మొక్కుకుంటే వెలిసిందట. మొక్కు తీరినవారు కట్టిన గంటలు చూరు కనబడకుండా వేలాడుతున్నాయి. “కోళ్ళకు కూడా మొక్కుకోవచ్చాండీ?” అంది మా ఆవిడ. పూజారిని అడగనివ్వలేదు నేను.

అత్తగారి ప్రశ్నకు జవాబు ముక్తేశ్వర్‌లో దొరికింది. అది మరో కొండ. ఇంకా ఎత్తు, ఇంకా చలి. శిఖరం మీద శివాలయం, దాని పక్కనే పశువైద్య పరిశోధనాలయం. పశువుల అంటురోగాలతో పని గనుక ఊళ్ళకు దూరంగా ఉండాలని 1893లో దీన్ని పూనా నుంచి ఇక్కడికి తెచ్చారు. మందలకు మందలను తుడిచిపెట్టిన ముసర వ్యాధి మీద మొదట పని జరిగింది ఇక్కడే. 1897లో జర్మనీకి చెందిన కాక్ పండితుడు కూడా వచ్చి చూచాడు. ఆ వ్యాధి 2011 నాటికి భూమి మీదే లేకుండా పోయింది.

అక్కడ పనిచేసే పెద్దమనిషి ఒకాయన మాతో ఓపికగా మాట్లాడారు. ఈ కోళ్ళ తెగులు రాణీఖేత్‌లో పుట్టినది కాదట. 1926లో జావాలోనూ, ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గరా బయటపడింది. రెండేళ్ళలోపే మన దేశంలో రాణీఖేత్‌లో కనిపిస్తే, ఎడ్వర్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని లోకానికి తెలియజేశాడు. తెల్లవారు న్యూకాజిల్ అన్నారు, మనం రాణీఖేత్ అన్నాం. పాపం, రాణిగారి చేనుకు ఆ మచ్చ మిగిలిపోయింది.

“అది కొండ దిగి రాదండీ. సంతలో కొన్న కోడి కాళ్ళకు కట్టిన తాడుతోనే వస్తుంది” అన్నారాయన. రెట్టలో, చొంగలో, తాగే నీళ్ళలో, మన చెప్పులకు అంటిన మట్టిలో వస్తుంది. లోపల చేరిన అయిదారు రోజులకు సాధారణంగా బయటపడుతుంది. ఒక కోడి చావగానే చాలామంది చేసే పని, మిగిలినవాటిని గబగబా అమ్మేయడం. అట్లా అది ఊరూరా తిరుగుతుంది. ఇది వినగానే మా ఆవిడ ముఖం మారింది. సంక్రాంతి వెళ్ళాక సంతలో సగం ధరకే వచ్చాయని అమ్మ రెండు పెట్టలను తెచ్చింది!

పట్టాక మందు లేదు, పట్టకముందు టీకా ఉంది. ఆ టీకాల్లో ఒకటి ఈ కొండ మీదే తయారైంది. 1940ల్లో హాడో, ఇద్నానీ అనేవారు ఆ క్రిమిని కోడిగుడ్లలో పదే పదే పెంచి నీరసింపజేశారు. ఎనిమిది వారాలు దాటిన కోళ్ళకు రెక్క కింద సూది వేస్తారు. వారం లోపు పిల్లలకు వేరేది, కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా సీసాతోనే. చిన్న సీసాలోనే వంద కోళ్ళకు సరిపడా ఉంటుంది. మంచులో పెట్టి తేవాలి, ఎండ తగలకూడదు. కలిపాక గంట రెండు గంటల్లో అయిపోవాలి, మిగిలింది పారబోయవలసిందే. దొడ్లో ఆరు కోళ్ళున్న ఇల్లాలి కోసం ఎవరు సీసా విప్పుతారు?

ఆ రాత్రి బస నుంచి మా ఆవిడ వాళ్ళమ్మకు ఫోను చేసింది. అప్పటికి అత్తగారు మళ్ళీ కొత్త పెట్టలను చేర్చుకున్నారు.

“టీకా వేసే అబ్బాయి వంద కోళ్ళయినా పోగయితేనే వస్తాడుటమ్మా. పక్కింట్లో ఎన్నున్నాయో అడగవలసింది నువ్వే.”

అవతల చాలాసేపు మాట లేదు. సంతలో కొన్న పెట్టల సంగతి కూడా మెల్లగా చెప్పింది. ఫోను పెట్టేశారు.

మూడోనాడు మేము కాఠ్‌గోదాం స్టేషనులో ఉండగా అత్తగారే ఫోను చేశారు. పక్కింట్లో పదకొండట. వెనుక వీధి కలుపుకుంటే తొంభై దాటాయట. పక్కింటావిడే ఇల్లిల్లూ తిరిగి లెక్క రాయించిందట. ముందు ఎవరు పలకరించారని మా ఆవిడా అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

“బుధవారం పొద్దున అతను వచ్చేదాకా గంపలు ఎత్తవద్దన్నాడే. తొమ్మిది దాటితే పాపం, లోపల ఉక్కపోయదూ?” అన్నారు.