ప్రొజెక్టర్‌కు ఎంత వెలుగు కావాలి?

నాయన మోకాళ్లు పట్టేసినంక థియేటరుకు పోవుడు బందైంది. దీపావళి బోనస్‌తో ప్రొజెక్టర్ కొందామనుకున్నా. డబ్బా మీద 9000 ల్యూమెన్లు అని ఉంటే మురిసిపోవద్దు. ఆన్సీ ల్యూమెన్లు ఎన్నో అడగండి. గది చీకటిగా ఉంటే 100 అంగుళాల తెల్లతెరకు అవి 500 చాలు, దాదాపు థియేటరు వెలుగే.

కానీ ఏండ్లపాటు పొద్దటి పాళీ చేసిన నాయన రాత్రి ఎనిమిదికే పడుకుంటాడు. సినిమా పగలే చూడాలి. సోలాపూర్‌లో మాది రేకుల ఇల్లు, ప్రతి సందులోంచీ ఎండ. పగటికి సరిపడే మిషన్‌కు బోనస్ సగానికి కూడా చాలదు. అందుకే 500దే తెచ్చి, బొమ్మను 60 అంగుళాలకు తగ్గించా; అదే వెలుగు చిన్నచోట పడి దాదాపు మూడింతలైంది. కిటికీలకు మా కార్ఖానా చద్దర్లు కట్టినం. ఉక్కపోత మాత్రం అడగొద్దు! ఇప్పుడు నాయన పేర్లన్నీ చదివిందాకా మమ్మల్ని లేవనియ్యడు.