షెఫీల్డు: ఇంకొక ఉక్కునగరం

లండన్‌లోని సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లో రైలెక్కి ఉత్తరంగా రెండు గంటల పైచిలుకు ప్రయాణం చేస్తే షెఫీల్డు వస్తుంది. మనవాళ్ళు ఇంగ్లండు వెళితే లండన్ చూస్తారు, ఓపికుంటే ఆక్స్‌ఫర్డ్ చూస్తారు. షెఫీల్డుకు పనిగట్టుకుని వెళ్ళేవాళ్ళు తక్కువ. 2019 మార్చిలో ఆఫీసు పనిమీద లండన్ వెళ్ళిన నేను సోమవారం గూడా సెలవు పెట్టుకుని అక్కడికి బయలుదేరాను. మా అక్కయ్య కొడుకు అక్కడి విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. వాణ్ణి చూడడం ఒక సాకు. దాపరిక మెందుకు, నాకు ఆ ఊళ్ళో మరొక పని ఉంది.

రోము నగరంలాగా తమదీ ఏడు కొండలమీద కట్టిన ఊరని షెఫీల్డువాళ్ళు చెప్పుకుంటారు. ఏడుకొండలన్న మాట వినగానే నా చేతులు వాటంతటవే జోడించుకోబోయాయి. ఎక్కడికి నడిచినా ఎక్కడమో, దిగడమో తప్ప చదునైన దారి లేదు. మన ఇళ్ళల్లో ఇత్తడి బిందెలనూ కంచు గిన్నెలనూ అటకెక్కించిన స్టెయిన్‌లెస్ స్టీలుకు ఈ ఊరికి దగ్గరి చుట్టరికం ఉంది. 1913 లో హారీ బ్రేర్లీ అనే ఆయన, తుపాకి గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం ఇక్కడ ప్రయోగాలు చేస్తూ తుప్పుపట్టని ఉక్కును తయారుచేశాడు.

నేను పుట్టి పెరిగింది గూడా ఉక్కు నీడనే. మా నాన్నగారు విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారు. ఉక్కునగరంలో క్వార్టర్సు. 1997 వేసవిలో మా పక్కింటివాళ్ళు కంప్యూటరు కొన్నారు. ఆ వీధికంతటికీ అదొక్కటే. ఎవరో కాపీ చేసి ఇచ్చిన ఒక డిస్కులో "ఆక్చువా సాకర్" అనే ఫుట్‌బాల్ ఆట ఉండేది. మధ్యాహ్నం ఎండకు పెద్దలంతా నిద్రపోతూ ఉంటే నేనూ మా తమ్ముడూ ఆ ఇంట్లో చేరి ఒకే కుర్చీమీద చెరిసగం కూర్చునేవాళ్ళం.

ఈనాటి పిల్లలకు ఆ అవస్థ తెలియదు. ఒకే కీబోర్డుమీద ఇద్దరాడాలి. ఎడమవైపు మీటలు వాడివి, కుడివైపువి నావి. మోచేతులు పొడుచుకుంటూ ఉండేవి. పైగా ఆ కాలపు కీబోర్డులకు ఒక బలహీనత ఉంది. ఒకేసారి మూడు నాలుగు మీటలు నొక్కి పట్టుకుంటే తరువాత నొక్కిన మీట వాటికి వినిపించదు. మా తమ్ముడు ఈ రహస్యాన్ని ఎలాగో కనిపెట్టాడు. నేను గోలు ముందుకు వచ్చేసరికి వాడు తన వైపు మీటలన్నీ అరచేత్తో అదిమి పట్టేవాడు. నా ఆటగాడు బంతి తన్నకుండా పరుగెత్తుకుంటూ గీత దాటిపోయేవాడు. వెనకనుంచి ఇంగ్లీషు వ్యాఖ్యాత ఏదో ఉద్వేగంగా అనేవాడు. మాకు సగం అర్థమయ్యేది కాదు గాని, ఆయన గొంతును అనుకరించడంలో మా వాడిది అందె వేసిన చెయ్యి. అది బి.బి.సి. వ్యాఖ్యాత బారీ డేవిస్ గొంతని చాలా ఏళ్ళ తరువాత గాని తెలియలేదు. ఆ ఆట షెఫీల్డులో తయారైందని గూడా అప్పుడే చదివాను. ఇదీ నా పని.

శనివారం మేనల్లుడు నన్ను మొదట శాండీగేట్ అనే మైదానానికి తీసుకుపోయాడు. ఫుట్‌బాల్ ఆటకు షెఫీల్డు పుట్టినిల్లు అంటే అతిశయోక్తి కాదు. ప్రపంచంలోకెల్లా పాతదైన ఫుట్‌బాల్ క్లబ్బు 1857 లో ఇక్కడే ఏర్పడింది. 1860 డిసెంబరు 26 న ఆ షెఫీల్డు క్లబ్బుకూ హాలం క్లబ్బుకూ శాండీగేట్‌లో పోటీ జరిగింది. లోకంలో అన్నిటికన్నా పాత ఫుట్‌బాల్ మైదానం ఇదేనని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. చూస్తే ఏమున్నది! మన జిల్లాపరిషత్ హైస్కూలు మైదానంలాగా ఉంది. పైగా ఒక పక్కకు ఒరిగింది. బంతిని వదిలితే దానంతటదే పల్లానికి దొర్లుతుంది కాబోలు. చలిగాలికి ముక్కు ఎర్రబడగా, వెనిగర్ చల్లిన బంగాళాదుంపల వేపుడు తింటూ కాసేపు నిలబడ్డాం.

ఊళ్ళో పెద్ద జట్లు రెండు. ఒకదానిపేరు షెఫీల్డ్ యునైటెడ్. రెండోదాని పేరు వింటే నవ్వొస్తుంది: షెఫీల్డ్ వెన్స్‌డే. అంటే బుధవారం! బుధవారాల్లో ఆడుకునే ఒక క్రికెట్ క్లబ్బువాళ్ళు 1867 లో ఫుట్‌బాల్ మొదలుపెట్టి అదే పేరు ఉంచేశారు. ఈ బుధవారం జట్టు ఆటగాళ్ళే మా ఆక్చువా సాకర్‌కు ప్రాణం పోసింది. గోలీ క్రిస్ వుడ్స్ మొదలైన వాళ్ళ ఒంటికి గుర్తులు అంటించి, పరుగెత్తించి, దూకించి, ఆ కదలికలను యంత్రాలతో పట్టి బొమ్మలకు ఎక్కించారు. అంతకుముందు వచ్చిన ఫుట్‌బాల్ ఆటల్లో మనుషులు చదునైన బొమ్మలు. 1995 లో వచ్చిన ఈ ఆటలో నిండైన ఆకారాలు, ఏ దిక్కునుంచి చూసినా కనిపించేవి.

ఆ ఆట చేసిన కంపెనీ పేరు గ్రెమ్లిన్. 1984 లో కార్వర్ వీధిలోని ఒక కంప్యూటర్ల దుకాణంలో నుంచి పుట్టింది. అప్పటికి షెఫీల్డులో ఉక్కు మిల్లులు వరసగా మూతపడుతున్నాయి. ఆ సంవత్సరమే బొగ్గుగని కార్మికుల మహా సమ్మె గూడా మొదలైంది. పనిలేని కుర్రవాళ్ళకు కొదవలేదు. గ్రెమ్లిన్ తొలి విజయం గూడా ఆ గొడవనుంచే వచ్చింది. "మాంటీ మోల్" అనే పందికొక్కులాంటి జంతువు గనిలో దూరి బొగ్గు దొంగిలించడం ఆ ఆట కథ. 1999 లో ఒక ఫ్రెంచి కంపెనీ గ్రెమ్లిన్‌ను కొన్నది. 2003 లో తలుపులు మూసేశారు.

కార్వర్ వీధికి సాయంత్రం వెళ్ళాం. ఇప్పుడక్కడ తాగుడు దుకాణాలూ, నాట్యశాలలూ. కుర్రకారు కోలాహలంగా తిరుగుతున్నారు. నేను గోడలు చూసుకుంటూ అటూ ఇటూ రెండుసార్లు నడిచాను.

"ఏం వెతుకుతున్నారు మామయ్యా?" అన్నాడు మేనల్లుడు.

"ఏమీ లేదురా," అన్నాను. వాడు నమ్మలేదు.

ఆదివారం కాజిల్ హౌస్‌కు వెళ్ళాం. ఇది 1964 లో సహకార సంఘంవారు కట్టించిన పెద్ద బట్టల, సామాన్ల భవనం. 2018 నవంబరులో ఇందులో జాతీయ వీడియోగేముల మ్యూజియం తెరిచారు. మ్యూజియం అనగానే మనకు అద్దాల బీరువాలు, "ముట్టుకొనరాదు" అనే బోర్డులు గుర్తొస్తాయి. ఇక్కడ అందుకు విరుద్ధం. కూర్చో, ముట్టుకో, ఆడు. నా మెప్పు ఈ ఒక్క సంగతికే. ఆడని ఆటను గాజుపెట్టెలో పెడితే అది ప్లాస్టిక్కు ముక్క తప్ప మరేమీ కాదు.

ఫుట్‌బాల్ ఆటలకు ఇలాంటి చోటు మరీ అవసరం. చదరంగం ఏ ఏడాదిదైనా చదరంగమే. ఫుట్‌బాల్ గేము అలా కాదు. ఆ ఏటి జట్లు, ఆ ఏటి ఆటగాళ్ళు. మరుసటి ఏడు కొత్తది రాగానే పాతది నిరుటి పంచాంగంలా చెత్తబుట్టకు పోతుంది. మళ్ళీ అచ్చువేసి అమ్ముదామన్నా చిక్కే. క్లబ్బుల చిహ్నాలకూ ఆటగాళ్ళ పేర్లకూ కంపెనీలు కొంతకాలానికే అనుమతి కొనుక్కుంటాయి. గడువు తీరాక వాటితో కూడిన ఆటను అమ్మడానికి వీల్లేదు. 1993 నుంచి "ఫిఫా" పేరుతో వచ్చిన ఆటలకే ఆ పేరు నిలవలేదు. ఒప్పందం ముగిసి 2023 నుంచి వేరే పేరుతో వస్తున్నాయి. కనుక పాతవి కావాలంటే ఎవరి అటకమీదో, ఏ పాత డిస్కులోనో ఉండాలి.

1992 నాటి సెన్సిబుల్ సాకర్ తరహాలో, మైదానాన్ని ఆకాశంనుంచి చూస్తున్నట్టుండే పాత ఆట ఒకటి అక్కడుంది. మనుషులు బియ్యపుగింజలంత ఉంటారు. మేనల్లుడు పకపకా నవ్వాడు. "ఇదేం ఆట మామయ్యా, ముఖాలే లేవు!" అన్నాడు. సరే కూర్చోమన్నాను. మూడు ఆటల్లో నాలుగు, మూడు, అయిదు గోళ్ళ తేడాతో ఓడాడు. నాలుగో ఆటకు నవ్వు మానేసి, చొక్కా చేతులు మడిచి, భుజంతో నన్ను తోయడం మొదలుపెట్టాడు. వాడి గదిలో ఇంతకు వందరెట్లు అందమైన ఆట ఉంది. దాన్ని వాడు బ్రెజిల్‌లోనో, జపాన్‌లోనో ఉన్న ముక్కూ మొహం తెలియని వాళ్ళతో ఆడతాడు. నన్ను తోస్తూ, "చిన్న మామయ్య గూడా ఇలాగే ఆడేవారా?" అని అడిగాడు.

మా నాన్నగారు పోయాక ఇంటి పంపకాల దగ్గర నాకూ మా తమ్ముడికీ మాటలు తగ్గాయి. వాడు కెనడాలో ఉన్నాడు. సంక్రాంతికి ఒక ఫోను, అదీ పిల్లలతోనే. మేనల్లుడికి ఇవన్నీ తెలుసు. తెలిసే అడిగాడు, గడుగ్గాయి.

"మీ చిన్న మామయ్య ఇంకా అన్యాయంగా ఆడేవాడు," అన్నాను.

సోమవారం ఉదయం రైలుకు రెండు గంటలు వ్యవధి ఉంది. ధర్మకార్యాల నిమిత్తం పాత సామాను అమ్మే దుకాణాలు అక్కడ వీధికొకటి ఉంటాయి. మూడో దుకాణంలో, పెళ్ళి పాటల డిస్కుల నడుమ, డబ్బా లేకుండా ఒక్క డిస్కు దొరికింది. ఆక్చువా సాకరే. రెండు పౌన్లు. ఇప్పటి కంప్యూటర్లలో అది నడవదని మేనల్లుడు నచ్చజెప్పబోయాడు. ఆ సంగతి నాకూ తెలుసు.

తపాలా ఆఫీసులో విదేశాలకు పంపే పొట్లానికి ఒక చీటీ నింపాలి. లోపల ఏమున్నదన్న గడిలో "పాత కంప్యూటర్ ఆట" అని రాశాను. విలువ: రెండు పౌన్లు. కానుకా, అమ్మకపు సరుకా అన్నచోట కానుక అని గుర్తుపెట్టాను. ఉత్తరం ఏమైనా జతచేస్తారా అని మేనల్లుడు అడిగాడు. చీటీ వెనక కొంచెం ఖాళీ ఉంది. "మీటలు అదిమి పట్టుకోకు" అని తెలుగులో రాసి, గుమాస్తాకు ఇచ్చాను. ఆమె ఆ అక్షరాలను ఒకసారి తిప్పి చూసి, ముద్ర కొట్టి వెనకనున్న సంచిలో పడేసింది.