అంగట్లో పిల్లోడు

‘అమెలీ’ సినిమా నేను చూసింది అమీర్‌పేట హాస్టల్లో, రూమ్మేటు లాప్‌టాప్‌లో. నందికొట్కూరు నుంచి కోచింగుకని వచ్చి అప్పటికి నాలుగు నెలలు. రూములో నలుగురం ఉంటిమి గానీ నాతో మాట్లాడే మనిషి లేడు. మొదటి రోజే ఊరు అడిగి, “బాంబులు తెచ్చినావా?” అని నవ్వినారు. 2003లో ‘ఒక్కడు’ వచ్చి కొండారెడ్డి బురుజును ఊరూరికీ చూపించినాక కర్నూలు వైపు నుంచి ఎవరొచ్చినా సుమోలోంచి దిగినట్టే లెక్క. మా ఇంట్లో ఉన్న ఆయుధం అంగట్లో బెల్లం కొట్టే సుత్తి ఒక్కటే.

ఆ దినాల్లో ఈ సినిమా. పారిస్‌లో మోమార్త్ర్ అనే పేట, అక్కడ కాఫీ హోటల్లో పనిచేసే ఒంటరి పిల్ల. కిరాణా అంగట్లో గింజల బస్తాలోకి ఎవరూ చూడకుండా చెయ్యి దూర్చి, ఆ చల్లదనానికి మురిసిపోతుంది. నాకు ఏడుపొచ్చింది. మా నాయన అంగట్లో కందిపప్పు బస్తాలో నేను చేసింది అదే కదా! ఇది నా సినిమా అనుకున్నా. చాన్నాళ్లు అందరికీ అదే చెప్పినా.

తర్వాత ఎప్పుడో చదివినా. 2001లో ఆ సినిమా ఆడుతున్నప్పుడే సెర్జ్ కగాన్‌స్కీ అనే విమర్శకుడు ‘లిబెరసియోఁ’ పత్రికలో గట్టిగా తగులుకున్నాడంట: ఈ పారిస్‌లో అరబ్బులేరి, నల్లవాళ్లేరి అని. దర్శకుడు జునే గోడల మీది పిచ్చిరాతలతో పాటు మనుషుల్ని కూడా తుడిచేశాడా అన్నట్టుంది ఆ గొడవ. నాకు కోపమొచ్చింది. ప్రేమకథలో జనాభా లెక్కలెందుకు? కానీ ‘ఒక్కడు’ మీద నేను నాలుగేళ్లుగా పడుతున్న ఏడుపు మాత్రం ఏంది?

మళ్లీ చూసినా. ఆ అంగట్లో ఒక పనిపిల్లోడున్నాడు, లూసియెన్. వేసింది జమెల్ దెబ్బూజ్, మొరాకో నుంచి వచ్చిన కుటుంబం. యజమాని అందరి ముందూ వాడిని వెక్కిరిస్తాడు. అమెలీ ఆ యజమాని ఇంట్లో దూరి, చెప్పులు మార్చి, అలారం తిప్పి, వాడి తరఫున పగ తీర్చుకుంటుంది. మనం నవ్వుతాం. అమెలీకి ఒంటరితనం ఉంది, పక్కింటి ముసలి చిత్రకారుడికి ఉంది. లూసియెన్‌కి మాత్రం జాలిపడేవాళ్లున్నారు, అంతే.

మా అంగట్లోనూ ఒకడుండె. ఎస్సీ కాలనీ పిల్లోడు, నాకంటే రెండేళ్లు చిన్న. పొట్లాలు కట్టేవాడు, రాత్రిపూట కాపలాకి అరుగు మీద గోనెసంచులు పరుచుకుని పడుకునేవాడు. నేను బస్తాలో చెయ్యి పెడితే “తీయన్నా, పురుగుంటాది” అని అరిచింది వాడే. ఆ బస్తా కథ ఎంతమందికి చెప్పినా వాడు అందులో లేడు. మేం “పిల్లోడా” అనే పిలిచేవాళ్లం.

2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ చూస్తున్నప్పుడు వాడు గుర్తొచ్చినాడు. అందులో ఆఫీసు అటెండరు, యాభైకి దగ్గర పడ్డా పెళ్లికానివాడు, తన ఆఫీసరమ్మను ప్రేమిస్తాడు. మామూలు సినిమాలో టీ అందించి పక్కకు తప్పుకునే మనిషి. వెంకటేష్ మహా ఆ పేట మనుషుల్నే పెట్టి తీసినాడు. హాల్లో అందరూ నవ్వుతున్నారు, నాకేమో మా అరుగు కనబడుతోంది.

నాయనకు ఫోన్ చేసి ఆ పిల్లోడి పేరేందని అడిగినా. చానాసేపు ఆలోచించి, “మీ అమ్మనడుగు” అన్నాడు. అమ్మకు గుర్తుంది.

సంక్రాంతికి పోయినప్పుడు వెతుక్కుంటూ పోయినా. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్నాడు. గుర్తుపట్టినాడు, కుర్చీ వేసినాడు. మాటల్లో ఆ అరుగు గురించి అడిగితే నవ్వినాడు.

“నిద్ర యాడ పట్టేదన్నా, కుక్కలు. శ్రీశైలం పోయే ఆఖరి బస్సు దాంకా మేలుకోనే ఉంటాంటి. మావోళ్లెవురన్నా దిగుతారేమోనని.”


“దిగేటోళ్లా?”

“యాడ దిగుతారు? మావోళ్లంతా ఊర్లోనే ఉండ్రి గదన్నా.”